మట్టిలో మైకు

వడమాలపేట దాటి పుత్తూరు పక్కకు పోతుంటే, రోడ్డు దిగి కాస్త లోపలికి ఎర్రమిట్ట అనే ఊరు వస్తుంది. ఏటా ఎండాకాలంలో అక్కడ ద్రౌపదమ్మ గుడి ముందర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ. గుడి ముందర మైదానంలో ఎర్రమన్నుతో బస్సంత పొడుగు దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకున్నట్టు చేస్తారు. తొడలో కుంకుమనీళ్ళ కుండ దాస్తారు. భీముడి వేషగాడు గదతో కొట్టగానే కుండ పగిలి తొడ ఎర్రగా పారుతుంది. జనం గోవిందలు కొడతారు. పిల్లలు భయపడి తల్లుల కొంగు పట్టుకుంటారు.

రెండువేల మూడులో ఆ వధను మొట్టమొదటిసారి లైవ్‌గా ఊళ్ళో టీవీలన్నిటికీ ఇచ్చారు. ఆ ఆలోచన రూపశ్రీది.

రూపశ్రీ ఆ ఊరి కొత్త కోడలు. తిరుపతిలో మల్టీమీడియా కోర్సు చదివింది. మామ మునిరామయ్య గుడికి ధర్మకర్త. ఊరి కేబుల్ టీవీ కూడా వాళ్ళదే, దాన్ని ఆమె మొగుడు మునిశేఖర్ చూసుకుంటాడు. అంతవరకూ జాతరను ఒక కెమెరాతో తీసి క్యాసెట్టు మర్నాడు వేసేవాళ్ళు. రూపశ్రీ పట్టుబట్టి తిరుపతి నుంచి రెండు కెమెరాలు, ఒక మిక్సరు బాడుగకు తెప్పించింది.

"బొమ్మ తొడలో ఒక మైకు పూడ్సిపెడదాం. ఇంట్లో కూసున్నోళ్ళకి గద దెబ్బ పక్కనే పడినట్టు ఇనపడాల," అంది మొగుడితో.

"నీ ఇష్టం," అన్నాడు మునిశేఖర్. అతని స్నేహితుడు హరినాథ్ పోయి చిన్న మైకును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కుంకుమకుండ పక్కన మట్టిలో పెట్టి వచ్చాడు.

వధ రోజు పొద్దున ఎండ చురుక్కుమనే వేళకు రూపశ్రీ మేడమీది గదిలో మిక్సరు ముందు కూర్చుంది. తెరల మీద వెలుగు పడకూడదని కిటికీలకు దుప్పట్లు కట్టింది. గదంతా చీకటి. వేడెక్కిన వైర్ల వాసన. ఎదురుగా రెండు తెరలు. ఒకటో తెరలో కొయ్యలతో కట్టిన సారువ మీద నిలబడ్డ మునిశేఖర్ కెమెరా చూపించే మైదానం, జనం, ముందు వరసలో ఎర్రకుర్చీలో మామ. ఇళ్ళ టీవీలకు పోతున్నది ఆ దృశ్యమే. రెండో తెరలో హరినాథ్ దగ్గర్నుంచి తీస్తున్న మట్టి దుర్యోధనుడి మొహం, పెద్ద మీసాలు, సున్నంతో దిద్దిన కళ్ళు.

చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మట్టిలో మైకు తెరిచింది.

డప్పుల చప్పుడు దూరంగా, మెత్తగా వినిపించింది. దాని కింద ఇంకేదో ఉంది. ఆగి, సాగి, మళ్ళీ ఆగి...

ఊపిరి.

గాలేమో అనుకుంది. మట్టిలో గాలెక్కడిది? కెమెరావాళ్ళతో మాటలు కలిపే బటన్ నొక్కింది. "హరీ, బొమ్మ దగ్గరికి ఎవురన్నా వచ్చినారా?"

"లేదు వదినా. ఈడ నేనొక్కణ్ణే ఉండాను."

ఊపిరి ఆగలేదు. ముక్కులో మన్ను పడినవాడు పీల్చినట్టు గరగరలాడుతోంది. ఆమె వాల్యూమ్ తగ్గించింది. చప్పుడు మాత్రం తగ్గలేదు. అప్పుడే ఫోను మోగింది. గుడి వెనక వీధిలో ఉండే యశోదమ్మ.

"అమ్మణ్ణీ, మా టీవీలో ఎవురో మూలగతా ఉండారే? పిల్లోళ్ళు జడుసుకుంటా ఉండారు."

రూపశ్రీ బదులు చెప్పేలోపు రెండో తెర ఒకసారి వణికింది. మట్టి మొహం స్థానంలో మనిషి మొహం ఉంది. నలభై ఏళ్ళ మగవాడు. సగం చెరిగిన వేషపు రంగు. నోటి నిండా ఎర్రమన్ను. నుదురు పగిలి, నెత్తురు కంటిలోకి కారి ఎండిపోయింది. కన్ను తెరిచే ఉంది. అది కదులుతోంది.

ఒకటో తెరలో మాత్రం మట్టిబొమ్మే.

వెనక చెంబు కిందపడిన చప్పుడైంది. మజ్జిగ తెచ్చిన అత్త నాగరత్నమ్మ గుమ్మంలో నిలబడిపోయి తెరనే చూస్తోంది. మజ్జిగ ఆమె కాళ్ళ మీదుగా పారుతోంది.

"చిన్నబ్బ..." అంది.

"ఎవురత్తా?"

నాగరత్నమ్మ లోపలికొచ్చి తలుపు మూసింది. "దుర్యోధనుడి ఏసం వాడే కట్టేవాడు. పది పన్నెండేండ్ల కింద... మీ మామ గుడి మాన్యం కలుపుకున్నాడని, నాటకంలోనే, అందరి ముందరా అరిసి చెప్పినాడు. ఆ రేయే కొట్టేసినారు. గురప్పా, మీ మామా."

"గురప్పంటే... ఇప్పుడు భీముడి ఏసం కట్టింది?"

"వాడే. మంచంకోళ్ళు తీసకొని కొట్టినారు. సచ్చినాడనుకొని బొమ్మకు పోసిన మట్టిలో పూడ్సినారు. పైన బొమ్మ చేసినారు. పొద్దున అదే బొమ్మను గురప్ప గదతో కొట్టినాడు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "అప్పటికీ పానం ఉండింది కోడలా. దెబ్బ పడినప్పుడు మట్టి ఎగిసింది. నేను సూసినాను. ఊరోళ్ళకేమో, బెంగులూరికి పోయినాడని చెప్పినారు."

"వాళ్ళిద్దరేనా?"

"కాళ్ళు పట్టుకున్నోడు ఇంగొకడుండాడు. ఎవుడో నాకు తెల్దు," అని అత్త మొహం తిప్పుకుంది.

మైదానంలో డప్పులు పెరిగాయి. గురప్ప వచ్చేశాడు. కిరీటం, భుజకీర్తులు, భుజాన కొయ్యగద. బొమ్మ చుట్టూ తిరిగి, ఎగిరి తొడ మీద ఒక్క దెబ్బ వేశాడు.

హెడ్‌ఫోన్‌లో ఎముక విరిగింది.

రూపశ్రీ అదిరిపడింది. మట్టి చప్పుడు కాదది. పచ్చికొమ్మ విరిచినట్టుంది. వెంటనే అరుపు. మట్టితో నిండిన నోట్లోంచి, బయటికి రాలేక, లోపలికే పోతున్న అరుపు. ఒకటో తెరలో కుంకుమనీళ్ళు చిమ్మాయి. జనం గోవిందలు కొట్టారు. రెండో తెరలో నెత్తురు చిక్కగా, నిదానంగా ఉబికింది.

"హరీ! గురప్పను ఆపు! కొట్టొద్దని చెప్పు!"

"ఏమి వదినా? ఇనపళ్ళా..."

రెండో దెబ్బ. మళ్ళీ ఎముక.

మూడో దెబ్బకు గురప్ప గద ఎత్తాడు. రెండో తెరలో చిన్నబ్బ చెయ్యి మట్టిని చీల్చుకుని బయటికొచ్చింది. గోళ్ళు లేవు. ఆ చెయ్యి గురప్ప మడమ పట్టుకుంది.

ఒకటో తెరలో గురప్ప ఒక్కడే ఉన్నాడు. ఎవరో లాగినట్టు వెల్లకిలా పడ్డాడు. అతని తొడ మెల్లగా... చాలా మెల్లగా... పైకి వంగింది. మోకాలు ఛాతీకి తగిలింది. ఇంకా వంగింది. తొడ నడిమికి ఫట్‌మని విరిగింది. అప్పుడు అరిచాడు. పూనకం వచ్చిందనుకుని జనం ఇంకా గట్టిగా గోవిందలు కొట్టారు. రెండో తెరలో చిన్నబ్బ అతని మీద కూర్చుని రెండో తొడ కూడా విరిచాడు. తర్వాత పిడికెడు మన్ను తీసి అతని నోట్లో కుక్కాడు. గురప్ప కాళ్ళూ చేతులూ కొట్టుకుని, కొట్టుకుని, ఆగిపోయాయి.

చిన్నబ్బ లేచాడు. విరిగిన తొడల మీదే లేచాడు. అడుగు వేసినప్పుడల్లా హెడ్‌ఫోన్‌లో ఎముకలు రాసుకుంటున్నాయి. మైకు మట్టిలోనే ఉంది. చప్పుడు మాత్రం అతని వెంటే పోతోంది.

ముందు వరసలో ఎర్రకుర్చీ.

"మామను లేపండి! హరీ, మామను పక్కకు లాగు!" రూపశ్రీ గొంతు చించుకుంది. హరినాథ్ అప్పటికే కెమెరా వదిలేసి పారిపోయాడు. ఆ కెమెరా పట్టుకున్నవాడు లేడు. అయినా రెండో తెరలోని దృశ్యం చిన్నబ్బ వీపు వెనకాలే కదిలిపోతోంది.

మునిరామయ్య కుర్చీలోంచి లేవబోయాడు. లేవలేకపోయాడు. ఎదురుగా ఎవరినో చూస్తున్నట్టు రెండు చేతులూ జోడించాడు. తొడ మీద మొదటి దెబ్బ పడింది. పంచె లోపలికి గుంతపడింది. కుర్చీ విరిగింది. కింద పడ్డవాడి మీద మళ్ళీ పడింది. మళ్ళీ... మళ్ళీ... చుట్టూ ఉన్నవాళ్ళు కొట్టేది ఎవరో కనబడక, ఒకరి మీద ఒకరు పడి పరిగెత్తారు.

నాగరత్నమ్మ తెర చూడలేదు. చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

"నాయనా!" ఒకటో తెరలో మునిశేఖర్ కేక వినిపించింది. సారువ దిగి తండ్రి దగ్గరికి పరిగెత్తుతున్నాడు. రెండో తెరలో చిన్నబ్బ తల తిప్పి అతని వైపు చూశాడు.

రూపశ్రీ ప్లగ్గు పెరికేసింది. రెండు తెరలూ ఆరిపోయాయి. గది నల్లగా అయింది. తడిమట్టి వాసన గుప్పున కొట్టింది. హెడ్‌ఫోన్ తీయబోయేంతలో ఎడమ చెవిలో, పెదవులు తగిలేంత దగ్గర్నుంచి, గొంతు వినిపించింది.

"అమ్మణ్ణీ... ఇంగా ఒగడుండాడు."

గురప్ప అక్కడే పోయాడు. మునిరామయ్యను జీపులో తిరుపతి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. ఇద్దరి తొడలూ లోపల పిండి అయిపోయాయని, పైన గాయం లేదని డాక్టర్లు చెప్పారు. తొక్కిసలాటలో కాళ్ళ కింద పడ్డారని పోలీసులు రాసుకుపోయారు. హరినాథ్ కెమెరాలోని క్యాసెట్టు వేసి చూస్తే మట్టిబొమ్మే ఉంది.

ఆ ఆఖరి మాట మాత్రం ఊళ్ళో ప్రతి ఇంటి టీవీలో వినిపించింది. కరెంటు లేని ఇళ్ళలో కూడా విన్నామన్నారు. ఆ ఒగడు ఎవడు? ఆడవాళ్ళు అన్నం పెడుతూ మొగుళ్ళ మొహాలు చూశారు. చావడిలో పేకాట ఆగిపోయింది. మగవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం మానేశారు.

మునిశేఖర్‌కు ఏమీ కాలేదు. తండ్రికి కొరివి పెట్టాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడాడు. రూపశ్రీ ద్రౌపదమ్మకు ముడుపు కట్టుకుంది.

కర్మంతరం అయిన సాయంత్రం బంధువులంతా వెళ్ళిపోయారు. రూపశ్రీ అంట్లు తీసుకుని పెరట్లోకి పోయింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు. తలుపు ఓరగా ఉంది. మునిశేఖర్ గుడ్డలు విప్పి, రాయి మీద చిన్నపిల్లాడిలా కూర్చుని వణుకుతున్నాడు. నాగరత్నమ్మ మోకాళ్ళ మీద కూర్చుని అతని తొడను పీచుతో రుద్దుతోంది. కాలువలో నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి.

"ఆ రేయి రెండు చెంబులకే పోయింది గదా నాయనా," అంటోంది. "రెండు చెంబులకే పోయింది."

రూపశ్రీ చేతిలో గిన్నెలు చప్పుడు చేశాయి. అత్త తలెత్తి చూసింది. ఆ కళ్ళలో ఏడుపు లేదు.

"తలుపు ముయ్యి కోడలా," అంది మెల్లగా. "ఇంగో బిందె తీసకరా."

రూపశ్రీ కదల్లేదు. మొగుడి తొడనే చూస్తోంది. చర్మం ఎక్కడా చిట్లలేదు. గాయం లేదు, గీత లేదు. అయినా నీళ్ళు పోసే కొద్దీ, చెమట పట్టినట్టు, లోపలినుంచి ఎర్రమన్ను ఊరుతూనే ఉంది.