అచ్చు గుద్దిన చేపలు

“ఇదేమిటే! రెండిటికీ ఒకే మచ్చ వేసి కూర్చున్నావా?”

పిన్ని అరుపుకు చిన్నమ్మడి చేతిలోంచి బ్రష్ జారిపడింది.

పిన్ని చేపల మ్యూజియంలో బొమ్మలు చేస్తుంది. సాయంత్రం అక్కడ కొత్త గది తెరుస్తారు. ఈలోగా గాలిపటంలా బల్లపరుపుగా ఉండే టేకు జాతి చేపల బొమ్మలు రెండు, పెద్దవి, పైకప్పుకు వేలాడాలి. రెండూ మాంటా అనే రకానివే. సెలవు రోజు కదా అని చిన్నమ్మడు సాయానికి వచ్చింది. ఆ సాయమే ఇప్పుడు తలనొప్పి అయింది.

“ఒక అట్ట అచ్చు కత్తిరించి రెండిటికీ గుద్దేశాను. రెండూ మాంటాలేగా పిన్నీ! తేడా ఎవరు చూస్తారు?”

పిన్ని తల పట్టుకుంది.

“ఎన్నిసార్లు చెప్పాలే తల్లీ నీకు! పెద్దది నడిసముద్రంలో తిరుగుతుంది. దాని వీపు మీద తెల్లమచ్చల మధ్య నలుపు, ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. చిన్నది పగడపు దిబ్బల దగ్గర ఉంటుంది. దానికి వై అక్షరంలా. రెండూ తగ్గిపోతున్నాయి. చూసినవాళ్లు ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే, ఏది ఎంత మిగిలిందో మాకెలా తెలుస్తుంది?”

“అబ్బా, సరేలే!” చిన్నమ్మడు మూతి ముడుచుకుంది.

ఇంతలో వాచ్‌మన్ తాత నిచ్చెన మోసుకొచ్చాడు.

“ఏం పెద్దమ్మడూ, బొమ్మలు ఎక్కిద్దామా?”

“నేను చిన్నమ్మడిని!”

“ఎవరైతేనేంలే. ఇద్దరూ అచ్చు గుద్దినట్టుంటారు” అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

చిన్నమ్మడికి ఒళ్లు మండిపోయింది. అక్కా తనూ కవలలు. పుట్టినప్పటి నుంచీ ఇదే గోల. నిన్నటికి నిన్న అక్క మాట్లాడితే టీచర్ తనను నిలబెట్టారు. తన గడ్డం మీద ఇంత పుట్టుమచ్చ ఉందిగా!

“కాస్త చూస్తే వీళ్ల సొమ్మేం పోతుంది పిన్నీ? ఎవరూ చూడరు!”

పిన్ని ఆ రెండు బొమ్మల వైపు చూసింది. చిన్నమ్మడూ అటే చూసింది. అట్ట అచ్చు ఇంకా తన చేతిలోనే ఉంది. సిగ్గేసింది.

“పిన్నీ... ఇంకో అట్ట ఉందా?”

తప్పు మచ్చ మీద నల్లరంగు పూసింది. ఆరేదాకా కదలకుండా కూర్చుంది. పుస్తకంలో బొమ్మ చూసి, వంపు వంపునా ఆగుతూ కొత్త అచ్చు కత్తిరించింది.

సాయంత్రం తాత పైకి చూసి, “రెండూ ఒకటేగా” అన్నాడు.

చిన్నమ్మడు ఆయన చెయ్యి పట్టుకుని బొమ్మల కిందికి లాక్కెళ్లి, నిచ్చెన ఎక్కించింది. “వీపు చూడు తాతా! సరిగ్గా చూడు! ఇది టీ, అది వై.”

తాత కళ్లజోడు సర్దుకుని చూశాడు. “అవునే!” అంటూ దిగి, అదే కళ్లజోడుతో ఆమె ముఖంలోకి చూశాడు.

“ఇదిగో చిన్నమ్మడూ, నీ గడ్డం మీద ఈ మచ్చ ఎప్పుడొచ్చింది?”

“పుట్టినప్పుడే తాతా!” అని చిన్నమ్మడు నెత్తి కొట్టుకుంది.