ఎర్రటి కొండ, బోడి కొండ

“మీసం గట్టిగా అంటించుకో. పోయినసారి సూప్‌లో పడింది,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ నక్షత్రకుడు పళ్ళు కొరికాడు. మనుషుల్ని వదలకుండా వెంటపడతాడని డిపార్ట్‌మెంట్ తగిలించిన పేరది. వరుసగా రెండు మిషన్లు తుస్సుమన్నాయి. ఇదీ పోతే రికార్డు రూములో దుమ్ము వెంటపడాలి.

“శాటిలైట్ ల్యాబ్ ఒక కొండలో రాగి జాడ పట్టింది. సాయంత్రం అక్కడి కొండల లీజు వేలం. ఏ కొండో విదేశీ ముఠాకి తెలియకూడదు. నీ వేషం కొత్త అనలిస్టు. అక్కడి సెక్యూరిటీలో మన ఏజెంట్ నెమలి ఉంది, సాయం చేస్తుంది.”

ల్యాబ్‌లో అడుగుపెట్టగానే తెర మీద కొండ ఎర్రగా మెరిసింది.

“మేడం, రాగి!” అని అరిచాడు నక్షత్రకుడు.

గదంతా ఘొల్లుమంది. ల్యాబ్ హెడ్ మేడం కళ్ళజోడు తుడుచుకుంది. “అది తోట నాయనా. ఆకులు మన కంటికందని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తిప్పికొడతాయి. అది కనబడాలని మేం ఎరుపు వేస్తాం. ఎంత పచ్చగా ఉంటే అంత ఎరుపు! ఇదిగో, రాగి ఇక్కడ.” పక్క చిత్రంలో బోడి కొండ, దాని మీద పాలిపోయిన మచ్చ. “ఖనిజం ఉన్నచోట పైమట్టి మారిపోతుంది. ఆ మచ్చే మన జాడ.”

అవమానానికి నక్షత్రకుడి చెవులు కూడా ఎర్రబడ్డాయి. శాటిలైట్ చూసుంటే తోట అనుకునేది.

లంచ్‌కి అందరూ వెళ్ళారు. నెమలి వచ్చింది. సాయానికి కాదు, పిస్తోలుతో.

“నువ్వా!”

“నేనే. రెండు చిత్రాల్లో రాగి ఏది? ముఠాకి పంపాలి.”

నక్షత్రకుడు మత్తుగ్యాస్ పెన్ను నొక్కాడు. గ్యాస్ రాలేదు, చొక్కా నిండా సిరా.

“గాడ్జెట్టట! గాడిద గుడ్డు!” పెన్ను విసిరికొట్టాడు. “ఏదని అడుగుతావేంటమ్మా, రాగి రంగు తెలీదూ? పొద్దున్నుంచీ ఈ ఎర్ర కొండ వల్లే నా పరువు పోయింది! పట్టుకుపో!”

ఆ చిరాకు అచ్చమైనది. నెమలి నమ్మింది. చిత్రం పంపి, అతన్ని కుర్చీకి కట్టేసి జారుకుంది.

కాఫీ కప్పుతో తిరిగొచ్చిన మేడం అదిరిపడింది. “ఏది పోయింది?”

“మీ తోట.”

కట్లు విప్పుతూ మేడం మళ్ళీ నవ్వింది. ఈసారి మర్యాదగా.

వేలంలో ముఠా ఎర్ర కొండ కోసం గొంతు చించుకుని గెలిచింది. బోడి కొండను ప్రభుత్వ గనుల సంస్థ చివరి సుత్తి దెబ్బకి దక్కించుకుంది. హాలు గుమ్మంలో నెమలికి బేడీలు పడ్డాయి.

మర్నాడు చీఫ్ పిలిచాడు. “ముఠా మనుషులు తవ్వకానికి వెళ్ళారు. ఏం దొరికిందో తెలుసా? చల్లటి నీడ! శభాష్. అవునూ, మీసమేదయ్యా? మళ్ళీ సూప్‌లోనా?”

“ఛ ఛ, లేదు సార్. మేడం కాఫీలో.”