ముగ్గుపిండి మీద సాళ్ళు

తొక్కవే ఓ సెల్లె, తొలిసాలు తొక్కు…
పొద్దు పొడవకముందె పొడుగుసాలు తొక్కు…

ఈ పాటకు మూడో వరస ఉంటది. అది నాకు యాదికి రాదు. మనవరాలు శ్రీవాణిని చిన్నప్పుడు ఒళ్ళో పండుకోబెట్టుకొని పాడినప్పుడు గూడ రెండు వరసలు పాడి, మూడోదాని కాడ ఊ… ఊ… అని ఊరుకునేదాన్ని. పిల్ల అంతట్ల నిద్రపోయేది.

పోయిన ఎండకాలం ఆ పిల్లకు జరిగింది ఇది. నాకు చెప్పింది చెప్పినట్టే రాస్తున్న.

మిర్యాలగూడల రైలుపట్టాల అవతల మూతపడ్డ ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటున్నది. దాని పేరు రాయను. పొద్దుగూకినంక ఆ గోడ పొంటి ఆటోలోళ్ళు పోరు. పోక తప్పకపోతే మాటలు బంద్ చేసి పోతరు. లోపల చప్పుడైతదంటరు… పరిచిన వడ్లల్ల ఎవరో కాళ్ళు ఈడ్సుకుంట నడిచినట్టు… సర్ర్… సర్ర్…

ఆ మిల్లుల వడ్లు లేక శానా ఏండ్లాయె.

శ్రీవాణి సూర్యాపేటల డిగ్రీ చదువుతది. ఎండకాలం రెండు నెలలు రీసెర్చి నేర్చుకుందామని మిర్యాలగూడల ఒక ధాన్యం ల్యాబుకు పోయింది. తిరుమలగిరి కాడ పత్తిచేన్ల నడుమ పెరిగిన పిల్ల, ఆ ఊరు ఆమెకు కొత్త. కోదాడ నుంచి వచ్చిన భాగ్యశ్రీ అనే పిల్ల, ఈమె కలిసి ఒక రూము కిరాయికి తీసుకున్నరు. పొద్దటి పూట ల్యాబు. సాయంత్రం ఇద్దరు షేర్ ఆటో ఎక్కి ఆఖరి దాక పోయి, అక్కడి నుంచి దారి అడగకుంట నడిచి వచ్చేటోళ్ళు. ఒకరోజు సాగర్ కాలువ గట్టు, ఒకరోజు స్టేషను, ఒకరోజు మిరపకాయ బజ్జీల సందు. ఎటు పోయినా ఉడకబెట్టిన వడ్ల వాసనేనట. ఫోన్ల ఆ మాట చెప్తుంటే నా ముక్కుకు గూడ తగిలింది.

ల్యాబుల నాగేందర్ సార్ ఆమెకు ఎలుకల లెక్క అప్పజెప్పిండు. బస్తాలున్న గోదాముల ఎన్ని తిరుగుతయి, ఏమీ లేని గోదాముల ఎన్ని తిరుగుతయి. పని సులువే. జల్లెడ పట్టిన ముగ్గుపిండి నేల మీద చాపంత చాపంత పలచగ చల్లాలె, పది చోట్ల. తెల్లారి పోయి కాళ్ళ గుర్తులు, తోకల గీతలు లెక్కబెట్టి ఫోటో తియ్యాలె. బస్తాలున్న గోదాము లెక్క నిమ్మలంగ అయిపోయింది. ఏమీ లేని గోదామంటే ఆ మూతపడ్డ మిల్లుదే దొరికింది.

అక్కడ కావలి ముసలాయన మల్సూర్. తాళం తీసిండు గాని గడప దాటలే. వడ్లు ఆరబోసే కల్లం మీదనే తర్వాత రేకులేసి గోదాము చేసిండ్రని, ఆ కొసకున్నది వడ్లు నానబెట్టే తొట్టి, రెండు నిలువుల లోతని చెప్పిండు. కల్లం మీద పనిచేసే ఆడమనిషి ఒకామె అందుల పడి సచ్చిపోయిందని గూడ చెప్పిండు.

"దాని అంచుకు పోకు బిడ్డా."

మొదటి రాత్రి గుర్తులు ముత్యాల లెక్క పడ్డయి. రెండో పొద్దున శ్రీవాణి తలుపు తీసి అట్లనే నిలబడ్డది.

పది పిండి చాపల మీద రెండు గీతలు. తలుపు కాడ మొదలై, ఒక్కో చాప దాటుకుంట, సక్కగ… సాలు దున్నినట్టు… తొట్టి దాక. కాలి ఏళ్ళ గుర్తులు లేవు. మడిమ గుర్తు లేదు. కాళ్ళు లేపకుంట ఈడ్సినట్టున్నది.

పోయిన గీతలే ఉన్నయి. మర్లి వచ్చినవి లేవు.

మల్సూర్ తాత చేసిండేమో అనుకున్నది. ఆయనకు మోకాళ్ళ నొప్పి, కట్టె లేంది నడవడు. గీతల పక్కన కట్టె గుర్తు లేదు. తాళంచెవి ఒక్కటే, అది మొదటి రోజు నుంచి ఈమె బ్యాగులనే ఉన్నది.

మూడో రాత్రి అదే. నాలుగో రాత్రి అదే.

రూముల భాగ్యశ్రీ నవ్వింది. "దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటగా. ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాసుకోవే, మీ సార్ సంతోషపడతాడు." అన్నది గాని, ఆ రాత్రి లైటు ఆర్పనియ్యలేదట.

నాగేందర్ సార్ నవ్వలే. కనీసం రెండు రాత్రుల శుభ్రమైన గుర్తులు గావాలె, శనివారం పొద్దున రిపోర్టు పోతది, లేకపోతే అందుల ఆమె పేరుండదని చెప్పిండు. ఆ పేరుంటేనే పై చదువుకు సాయం దొరుకుతది. లేకుంటే డిగ్రీ కాడికే ఖతం, వాళ్ళ నాయిన అంతకుమించి చదివియ్యలేడు. ఆమె చేతిల ఉన్నది ఒక్క రాత్రి గుర్తులు. మిగిలింది శుక్రవారం రాత్రి ఒక్కటే.

శుక్రవారం పొద్దున నాకు ఆ గీతల ఫోటో పంపింది. ఇదేం జంతువో తెలుసా అమ్మమ్మా అని అడిగింది.

జంతువు గాదు. ఫోటో సూడంగనే గుర్తుపట్టిన.

అవి వడ్లు తిరగేసే కాళ్ళు. వయసుల ఉన్నప్పుడు నేను ఆ మిల్లులనే పనిచేసిన. ఉడికిన వడ్లు కల్లం మీద పరిచి, ఆడోళ్ళం వరసగ నిలబడి, కాళ్ళు లేపకుంట ఈడ్సుకుంట పోతుంటిమి. కింది వడ్లు పైకొచ్చి ఆరుతయి. ముందు నడిచేదాన్ని నేను. ముందు నడిచేది ఎనకకు తిరిగి సూడొద్దు, సూస్తే సాలు వంకర పోతది. అందుకే పాట. నేను రెండు వరసలు అంటే, ఆఖరుకు నడిచే మనిషి మూడో వరస అనాలె. అది వినపడితే అందరు ఎనక ఉన్నట్టు లెక్క.

ఆఖరుకు నడిచేది రుక్కమ్మ. నాకంటే రెండేండ్లు చిన్నది. ఎడమ కాలి మీద ఆవిరి పడి కాలింది, ఆ కాలు తేలికగ మోపేది. ఆమె ఎడమ గీత ఎప్పుడు సన్నగ పడేది.

ఒకనాడు తెల్లారకముందు, మబ్బు చీకట్ల, నేను రెండు వరసలు అన్న. మూడోది రాలే. నిద్రమత్తుల ఉన్నదేమో అనుకున్న. సాలు వంకర పోతదని తిరిగి సూడలే. తెల్లారినంక తొట్టిల దొరికింది.

ఆ ఫోటోల ఎడమ గీత సన్నగ ఉన్నది.

పోకు బిడ్డా అని ఫోన్ల బతిమిలాడిన. ఎందుకో చెప్పలే. శ్రీవాణి విన్నది, ఇగ ఒక్కటే మాట అన్నది.

"ఒక్క రాత్రే గదా అమ్మమ్మా."

అదే రోజు దీపాలు పెట్టే యాళకు పోయింది. మొగులు పట్టి గాలిదుమ్ము లేస్తున్నది. మల్సూర్ గేటు కాడనే కూసున్నడు. ఆమె జల్లెడ పట్టుకొని లోపలికి పోయి, తలుపు కాడ మొదటి చాప చల్లింది. రెండోది… మూడోది… ఎప్పటి లెక్కనే పక్కకు జరుగుకుంట, తొట్టి దిక్కు.

ఆరో చాప కాడ కరెంటు పోయింది.

ఫోను తలుపు కాడ బ్యాగులున్నది. ఎనకకు పోతే చల్లిన పిండి తొక్కుడైతది, రాత్రి ఖరాబైతది. అంచనాతోటి ముందుకు పోయింది. ఏడు… ఎనిమిది… కళ్ళు తెరిచినా మూసినా ఒక్కటే. భయం పోవాలని నోటికి వచ్చింది పాడుకున్నది. చిన్నప్పుడు నేను పాడింది…

తొక్కవే ఓ సెల్లె, తొలిసాలు తొక్కు…

తొమ్మిదో చాప.

పొద్దు పొడవకముందె పొడుగుసాలు తొక్కు…

ఇగ మూడోదాని కాడ ఊ… అని తియ్యబోయింది.

ఎనక నుంచి ఎవరో ఆ వరస అందుకున్నరు.

ఆడగొంతు. దగ్గర… ఆమె జడకు ఊపిరి తగిలేంత దగ్గర. కేక వెయ్యాలనిపించలేదట. కాళ్ళే రాలేదట. లేపిన కుడి పాదం లేపినట్టే ఉండిపోయింది. పక్కన నేల మీద… సర్ర్… ఒక్కసారి… ఆగింది.

కరెంటు వచ్చింది.

ఎనక ఎవ్వరు లేరు. లేపిన పాదం కింద నేల లేదు. తొట్టి ఉన్నది.

జల్లెడ అక్కడనే ఇడిసిపెట్టి, గోడ పట్టుకొని బయటికి వచ్చింది. తాళం వేసేటప్పుడు చెవి మూడుసార్లు తప్పింది. మల్సూర్ మంచినీళ్ళిచ్చిండు.

శనివారం పొద్దున శ్రీవాణి, మల్సూర్ ఇద్దరు కలిసి తలుపు తీసిండ్రు. తొమ్మిది పిండి చాపలు ముట్టనట్టు ఉన్నయి. వాటి నిండ ఎలుకల కాళ్ళు, తోకలు, దేనికది విడిగ. ఇంత శుభ్రమైన గుర్తులు రెండు నెలలల్ల ఎన్నడు సూడలేదని ఫోటోలు సూసి నాగేందర్ సార్ అన్నడట. తొమ్మిదైనా సరిపోతయన్నడు. రిపోర్టు మీద పేరు పడ్డది.

సార్ సూడనిది ఒకటున్నది. చాపల పక్కన, ఉత్త దుమ్ముల, రెండు సాళ్ళు. పిండి తొక్కకుంట, జాగ్రత్తగ, పక్కకెళ్ళి నడిచినట్టు. ఎడమది సన్నగ.

ఈసారి అవి తొట్టి దిక్కు పోలే. తొట్టి కాడ మొదలై తలుపు దిక్కు వచ్చినయి. గడప దాటినయి. వాకిట్ల దుమ్ము మీద, శ్రీవాణి చెప్పుల గుర్తుల ఎంబడి, గేటు దాక… రోడ్డు మీదికి…

మల్సూర్ చెప్పులు ఇడిసి, ఆ సాళ్ళకు దండం పెట్టిండు.

"పోనీ బిడ్డా… ఇన్నేండ్లకు తోడు దొరికింది."

ఆదివారం సూర్యాపేటల బస్సు మారి, పొద్దుగూకేసరికి మా ఇంటికి వచ్చింది శ్రీవాణి. కాళ్ళు కడుక్కోమన్నా కడుక్కోలే. అరుగు మీద నా ఎదురుంగ కూసొని, పైన రాసిందంత చెప్పింది. రుక్కమ్మ సంగతి నేను అప్పటిదాక ఎవ్వరికి చెప్పలే. ఈ పిల్లకు అస్సలు చెప్పలే.

అంత చెప్పింది గాని ఆ గొంతు ఏమన్నదో చెప్పలే. వాకిట్ల చీకటి పడుతున్నది. నేనే అడిగిన, ఆ మూడో వరస ఏందే అని.

పిల్ల నా మొఖం సూడలే. నా భుజం మీదికెళ్ళి, నా ఎనక దిక్కు సూసింది. సూసి, మెల్లగ అన్నది…

"ఎనకకు సూడకె అక్క, నీ ఎనకనే నేనున్న."