డబ్బా కెమెరాకు చిక్కని చిలకలు

రంగు ఫిలిం మన వైపు ఇంకా రాని కాలంలో, మామూలు నలుపు తెలుపు ఫిలిం మీద ఎర్ర చీరను ఎర్రగానే దించిన పిల్ల ఈ భూమ్మీద ఒక్కతే. ధర్మవరం పిల్ల. పేరు చౌడమ్మ. పదకొండేళ్లు. బొంబాయివాళ్లకూ మదరాసువాళ్లకూ చేతకాని పనిని ఆ పిల్ల ఒక డబ్బా కెమెరాతో చేసి చూపించింది. నమ్మనివాళ్లు నమ్మకపోండి, కథ మాత్రం వినండి.

ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం చౌడమ్మ హిందూపురంలో ఒక వసారాలో నిలబడి, పళ్లు బిగపట్టి, ఒక ఫోటో వైపు గుర్రుగా చూస్తోంది.

అది డ్రాయింగు మాస్టరు గంగాధరప్ప ఇల్లు. ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లంతా ఆదివారం ఆదివారం అక్కడ చేరేవాళ్లు. వాళ్లలో ఎవరికీ స్టూడియో లేదు. అందరివీ వేరే ఉద్యోగాలు. పెరట్లోని చీకటి గదిలో గంగాధరప్ప ఫిలిం కడిగి, కాగితం మీద ఫోటోలు దించి పెట్టేవాడు. వాటిని వసారాలో దారం కట్టి, బట్టలు ఆరేసినట్టు తగిలించేవాళ్లు. ఒక్కో ఫోటో ముందు నిలబడి ఇది బాగుంది, ఇది బాగలేదు అని చెప్పుకునేవాళ్లు. అక్కడ ఒకటే కట్టడి. అందరూ చెప్పడం అయ్యేదాకా ఫోటో తీసినవాళ్లు నోరు విప్పకూడదు.

ముందు ప్రమీలమ్మ ఫోటో చూశారు. ఆమె పెనుకొండ ఆసుపత్రిలో నర్సు. ఊరి మీది కోట కొండను తీసింది. కెమెరా వంకరగా పట్టుకున్నట్టుంది, కొండ పక్కకు ఒరిగిపోయింది. ఇంకాస్త ఒరిగితే రాళ్లన్నీ దొర్లి బజారులో పడతాయని ఒకరన్నారు. ప్రమీలమ్మ పకపకా నవ్వి, వచ్చేవారం కొండను నిటారుగా నిలబెడతానంది.

ఆ తర్వాత వంతు చౌడమ్మది.

చౌడమ్మను అక్కడికి తీసుకొచ్చింది ఆమె మేనమామ కొండప్ప. ధర్మవరం స్టేషనులో గుమాస్తా. డబ్బా కెమెరా ఆయనదే. దానితో చౌడమ్మ తన నాయన నేసిన పట్టుచీరను తీసింది. చీర ఒళ్లంతా దానిమ్మ గింజ ఎరుపు. అంచు ఆకుపచ్చ. అంచు పొడవునా ఎర్ర పట్టుతో చిలకలు. ఆ చిలకలను ఊహించింది అమ్మ. నేలమీద బొగ్గుతో గీసి చూపిస్తే, నాయన నరసప్ప మగ్గం మీదికి ఎక్కించాడు.

కానీ నేసినవాళ్ల ఇంట్లో చీర నిలవదు. పై వారం సోమవారం షావుకారు మనిషి వచ్చి పట్టుకుపోతాడు. అమ్మ కట్టేది నూలుచీరే. తన చిలకలను ఆమె మళ్లీ చూడదు. అందుకే చౌడమ్మ అమ్మకు మాట ఇచ్చింది.

"చీర పోతే పోనీలేమా. చిలకలు మాత్రం మనింట్లోనే ఉంటాయి. నేను పట్టి పెడతా."

ఇప్పుడు దారానికి వేలాడుతున్న ఫోటోలో చీర ఉంది. చిలకలు లేవు. అసలు అంచే లేదు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే బూడిద రంగు.

"ఏం పాపా, దుప్పటి ఫోటో తీసినావా?" అని ప్రమీలమ్మ అడిగింది. ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే దుప్పటి అనుకుంది. అందుకే చౌడమ్మకు ఇంకా మండింది.

గంగాధరప్ప నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఈ ఫిలిముకు రంగులు తెలియవు. వెలుగెంత, చీకటెంత అనేదే దానికి తెలుసు. ఆ ఎరుపూ ఈ పచ్చా దాని లెక్కలో ఒకటే. దీనికొక ఉపాయముంది. ఎర్ర అద్దమో, ఎర్ర కాగితమో...

చౌడమ్మ రెండు చెవులూ మూసుకుంది. కట్టడి గిట్టడి మరిచిపోయింది.

"మీరే సరిగా కడగలేదు. మీ నీళ్లల్లో మా అంచు రంగు పోయింది. మా నాయన అద్దిన రంగు ఎప్పుడూ పోదు."

 నేతగాళ్ల ఇంటి పిల్లకు తెలిసిన లోకం అది. నీళ్లల్లో పెడితే రంగు దిగాలి, లేదా దిగకూడదు. ఫిలిం కడగడమంటే అదీ అలాంటిదే అనుకుంది. కొండప్ప సిగ్గుపడి ఆ పిల్ల చెయ్యి పట్టి లాగాడు. చౌడమ్మ ఫోటోను దారం మీదనుంచి పెరికి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది.

ఇంటికి వచ్చాక నాయన అడిగాడు, ఫోటో చూసి వాళ్లేమన్నారని. చౌడమ్మ నోట్లోంచి మాట తిన్నగా రాలేదు.

"మన చీర రంగు నీళ్లకే పోతాదంట నాయనా. అందరూ నవ్వినారు."

నరసప్ప చేతిలో, పోగును అటూ ఇటూ ఆడించే నాడె ఆగిపోయింది. మనిషి మెత్తనివాడే. తన మగ్గం వంకర అన్నా ఊరుకుంటాడు, తన ముక్కు వంకర అన్నా ఊరుకుంటాడు. రంగు పోతుందంటే మాత్రం ఊరుకోడు. ఆ సాయంత్రానికి వీధి వీధంతా ఆ సంగతి తెలిసింది. వచ్చే ఆదివారం తానే హిందూపురం పోయి, ఆ మాట అన్నదెవరో చూస్తానన్నాడు.

సంగతి ఇంత దూరం పోతుందని చౌడమ్మ అనుకోలేదు. కానీ వెనక్కి తగ్గే రకం కాదు. కొండప్ప అప్పటికే కెమెరాలో కొత్త ఫిలిం వేసి పెట్టాడు. ఎలాగో బతిమాలి కెమెరా తెచ్చుకుంది. చీరను ఎండలో పెట్టి తీసింది. నీడలో పెట్టి తీసింది. మంచం మీద పరిచి తీసింది. గంగాధరప్ప చెప్పింది తప్పు అని చూపించాలని వారమంతా తీస్తూనే ఉంది. చివరికి ఫిలింలో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది.

శనివారం పొద్దున తమ్ముడు చిన్నప్ప ఇంట్లో ఎద్దులా రంకెలు వేస్తూ తిరుగుతున్నాడు. కళ్లకు కదిరి తేరు జాతరలో కొన్న అట్ట కళ్లద్దాలు. వాటికి అద్దాలకు బదులు ఎర్ర కాగితం, గాజులాగా అవతలికి కనిపించే కాగితం. చౌడమ్మ ఆగి చూసింది. ఎర్ర కాగితమని ఆ మాస్టరు ఏదో అన్నాడు కదా. అదీ అబద్ధమేనని తేల్చేద్దామనుకుంది. వాడి ముక్కు మీదనుంచి కళ్లద్దాలు లాక్కుని, తాను పెట్టుకుని, చీర వైపు తిరిగింది.

చీర ఎరుపంతా వెలిసిపోయి పాలిపోయింది. అంచు మాత్రం కాటుకలా నల్లబడింది. ఆ నలుపులో చిలకలు ఒక్కొక్కటే తెల్లగా, ముక్కుతో సహా.

చౌడమ్మ కళ్లద్దాలు తీసింది. పెట్టుకుంది. మళ్లీ తీసింది. చిన్నప్ప ఏడుస్తున్నా ఆ పిల్లకు వినపడలేదు.

మాస్టరు చెప్పింది నిజం. ఆ ఎర్ర కాగితం కెమెరా కన్నుకు అడ్డం పెట్టాలి. అంతవరకు తెలిసింది. మరి ఆ తర్వాత ఏం చేయాలి? అది చెప్పేటప్పటికి తాను చెవులు మూసుకుని ఉంది. ఉన్నది ఒక్క ఫోటో.

అప్పుడే నాయనకు చెప్పేయవచ్చు. కానీ నరసప్ప అప్పటికే ఉతికిన పంచె తీసిపెట్టుకున్నాడు. ఆ చీరకు వాడిన ఎర్ర పోగులూ పచ్చ పోగులూ కాసిన్ని, చీరతో కలిపి మూట కట్టుకున్నాడు. వీధిలోవాళ్లు గెలిచి రా అని దీవించారు కూడా. అంత సంబరం మధ్య చౌడమ్మకు నోరు పెగల్లేదు.

ఆదివారం పొద్దున రైలుబండిలో నాయన చీరమూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కెమెరా పట్టుకుని పక్కన కూర్చున్న చౌడమ్మ చెబుదామని నోరు తెరిచింది. నాయన మీసం దువ్వుకుంటున్నాడు. నోరు మూసుకుంది. పెనుకొండలో మళ్లీ తెరిచింది. ప్రమీలమ్మ అదే పెట్టె ఎక్కి పక్కనే కూర్చుంది. మళ్లీ మూసుకుంది. హిందూపురం రానే వచ్చింది.

వసారాలోకి అడుగు పెడుతూనే నరసప్ప అడిగాడు.

"అయ్యవారూ, మా రంగు నీళ్లకు పోతాదన్నది మీరేనా?"

గంగాధరప్పకు ఏమీ అర్థం కాలేదు. నరసప్ప ఆయన జవాబు కోసం ఆగలేదు కూడా. తెల్లటి గిన్నె ఒకటి ఇప్పించమన్నాడు. గంగాధరప్ప ఫోటోలు కడిగే పింగాణీ పళ్లెమే తెచ్చి, కొత్త నీళ్లు పోసి ముందు పెట్టాడు. నరసప్ప మూట విప్పి పోగులు ముంచాడు. పిసికాడు. పిండాడు. మళ్లీ ముంచాడు. అందరూ పళ్లెం చుట్టూ వంగి చూశారు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"చూసినారు కదా. ఇప్పుడు చెప్పండప్పా, యాడ పోయింది రంగు?"

గంగాధరప్ప తల ఎత్తి చౌడమ్మ వైపు ఒకసారి చూశాడు. ఆ పిల్ల గోడకు అతుక్కుపోయి ఉంది. ఆయనకు సంగతి తెలిసిపోయింది. తల గోక్కుని, నవ్వు ముఖం పెట్టాడు.

"నేనే ఏదో పొరపాటున అనింటాలేప్పా. తప్పు నాదే. కూర్చో, మజ్జిగ తాగు."

ఇంకో పిల్లయితే బతికానురా దేవుడా అనుకునేది. చౌడమ్మకు మాత్రం ఒళ్లు భగ్గుమంది. తన తప్పును ఇంకొకరు ఎత్తుకోవడమా? అదేదో తనకు మోయడం చేతకానట్టు? గోడ వదిలి ముందుకు వచ్చింది.

"నా తప్పు మీరేమీ నెత్తినేసుకోవద్దు సార్. రంగు పోయిందన్నది నేను. ఈడ మిమ్మల్ని అన్నా. ఆడ నాయనకు తిప్పి చెప్పినా. మీరు చెప్పిందే నిజం. నేను చూసినా."

ఆ మాటలు కూడా పోట్లాటకు వచ్చినట్టే అంది. 

నరసప్ప చేతిలోని పోగులనుంచి నీళ్లు కారుతున్నాయి. కూతుర్ని పైనుంచి కిందికి చూశాడు.

"అంటే, ఉతికిన పంచె కట్టించి, రైలెక్కించి, నన్ను ఇంత దూరం తెచ్చింది నువ్వా?"

"నేనే నాయనా."

 నరసప్ప గంగాధరప్ప వైపు తిరిగి, చేతులు జోడించి, తన మాటలు మనసులో పెట్టుకోవద్దన్నాడు. తర్వాత పోగులు పిండి, అరుగు మీద ఆరేసి, ఆ మజ్జిగ ఏదో ఇటివ్వమన్నాడు. ఇంటికి పోయాక వీధివాళ్లందరికీ జరిగింది చౌడమ్మే చెప్పాలన్నాడు. చెబుతానంది. అది తిట్లకన్నా కష్టమైన పని. అయినా చెప్పింది, ఇంటింటికీ పోయి.

అంతకు ముందు ఇంకో పని ఉంది. చౌడమ్మ జేబులోంచి తమ్ముడి ఎర్ర కాగితం తీసింది.

"ఇది అడ్డం పెట్టల్ల. ఆ తర్వాత ఏం చేయల్లో నాకు తెలీదు. ఆ రోజు చెవులు మూసుకున్నా. మళ్లీ చెప్తారా సార్?"

గంగాధరప్ప చెప్పాడు. ఎర్ర కాగితం వెలుగును తాగేస్తుంది, అందుకని కెమెరా కన్ను మామూలుకన్నా ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు చేతిలో పట్టుకుంటే వణుకుతుంది, అందుకని బల్ల మీద పెట్టాలి. మరీ దగ్గరికి పోకూడదు, ఈ కెమెరాకు దగ్గరివి మసకగా కనిపిస్తాయి. ప్రమీలమ్మ కూడా ఒక మాట చెప్పింది. చీరను తిన్నగా కట్టించుకో పాపా, నా కొండలాగా ఒరగనివ్వద్దు అని. చౌడమ్మ అన్నీ విన్నది. ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. చీర మొత్తం పడేలా తీయమని మాస్టరు అన్నాడు.

"వద్దు సార్. నాకు చిలకలే కావల్ల. మా అమ్మవి అవే."

మాస్టరు సరే, నీ ఇష్టం అన్నాడు. ఎండలో రెండు స్తంభాలకు చీర కట్టారు. చౌడమ్మ ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

సాయంత్రం బండి వేళకు గంగాధరప్ప చీకటి గదిలోంచి తడి ఫోటో పట్టుకుని వచ్చాడు. ఎర్ర చీర ఎర్రగానే దిగిందని మొదట్లో ఒక గొప్ప చెప్పాను కదా, దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎరుపు లేదు గిరుపు లేదు. చీర ఒళ్లంతా మజ్జిగలా తెల్లగా ఉంది. అంచు కాటుకలా నల్లగా ఉంది.

నరసప్ప ముఖం చిన్నబోయింది. "నా ఎరుపు యాడ?" అన్నాడు.

"దానికి ఎరుపు తెలీదు నాయనా. తేడా ఒకటే తెలుస్తాది. చిలకల్ని చూడు."

నరసప్ప చూశాడు. నల్లటి అంచు మీద తెల్లటి చిలకలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ ఎగిరిపోలేదు.

మర్నాడు షావుకారు మనిషి వచ్చి చీర పట్టుకుపోయాడు. అమ్మ గడపదాకా వెళ్లలేదు. ఫోటో ఒళ్లో పెట్టుకుని, ఒక్కో చిలక మీద వేలు పెట్టి చూసుకుంటూ ఉండిపోయింది.

ఆ పై ఆదివారం చౌడమ్మ వసారాలో దారానికి రెండు ఫోటోలు తగిలించింది. ఒకటి చిలకలది. దాని పక్కనే పాత బూడిద ఫోటో. బాగా రాని ఫోటోలను అక్కడివాళ్లు ఎవరివి వాళ్లు జేబులో దాచుకునేవాళ్లు. దీన్ని ఎందుకు పెట్టావు, తీసెయ్ అన్నాడు కొండప్ప. చౌడమ్మ తీయనంది. ఎవరో కొత్తాయన వచ్చి, ఈ దుప్పటి ఎవరు తీశారని అడిగాడు.

"నేనే తీసినా. దగ్గరికి రాండి, అంచు ఎట్ల పోయిందో చెప్తా."

ఆయన దగ్గరికి పోయి, అంతా చెప్పేదాకా నోరు విప్పకుండా విన్నాడు. అప్పుడే గంగాధరప్ప ఇంటి పిల్లి ఒకటి, ఫోటోలోని చిలకలను నిజం చిలకలనుకుని, అరుగు మీదనుంచి ఒక్క దూకు దూకింది. దారం తెగి ఫోటోలన్నీ దాని నెత్తిన పడ్డాయి.

ఈ కథలో అన్నీ నిజమే, పిల్లి తప్ప. గంగాధరప్ప ఇంట్లో పిల్లి లేనే లేదు. చిలకలు అంత బాగా వచ్చాయి కదా, దూకడానికి ఒక పిల్లయినా ఉండొద్దా అని నేనే తెచ్చి పెట్టాను.