లోపల ఒకరు

శుక్రవారం మధ్యాహ్నం గల్ఫులోని మీనా సల్మాన్ రేవులో మనిషి అలికిడి ఉండదండీ. గోడౌన్ల షట్టర్లన్నీ దించేసి ఉంటాయి. కుర్రాళ్ళంతా లేబర్ క్యాంపుల్లో నిద్రపోతుంటారు. ఎండకి తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటూ ఉంటుంది. అలాంటి పూట ఓ కోల్డ్ స్టోరేజీ మేడ మీద ఆఫీసులో రవికాంత్ కూర్చుని, అమ్మిరాజు అనే ఆయన్ని తిట్టుకుంటూ పనిచేస్తున్నాడు.

అమ్మిరాజు అంతకుముందు అక్కడ ప్రోగ్రామరు. కిందటేడు మానేసి వెళ్ళిపోయాడు. స్టోరేజీలోకి ఎవరు వెళ్ళారు, ఎవరు బయటికొచ్చారు, తలుపుకి తాళం ఎప్పుడు పడాలి, ఇదంతా చూసుకునే వెబ్‌సైటు ఆయన రాసిందే. పదేళ్ళనాటి జావా ఫ్రేమ్‌వర్కు. దాన్ని కొత్త వెర్షనుకి మార్చాలి. శనివారం పొద్దుటి డ్యూటీ కొత్తదాని మీద మొదలైతే రవికాంత్‌కి వీసా రెన్యూవలు. లేదంటే ఖలాస్, భార్య ప్రణీతనీ కూతురు సహస్రనీ వెంటబెట్టుకుని విమానం ఎక్కడమే. మేనేజరు గురుమూర్తి మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"లోపల సున్నా, తలుపు లాక్. ఆ స్క్రీన్‌షాట్ పంపు. కబుర్లొద్దు."

ఇంకొకడి కోడ్ చూస్తే రవికాంత్‌కి ఎంగిలి కంచం ముందు కూర్చున్నట్టుంటుంది. కోడ్‌లో పాత పేర్లున్న చోటల్లా కొత్త వెర్షను అడిగే 'జకార్తా' పేర్లు పెట్టుకుంటూ, తప్పు చూపించే ఎర్రగీతలు ఒక్కోటీ పోగొట్టుకుంటూ, "ఇది ప్రోగ్రామా, పెంటకుప్పా" అని సణుగుతూనే ఉన్నాడు. చివరికి ఒక్క ఎర్రగీత మిగిలింది. క్లాసు అనే చిన్న కోడ్ ముక్క కింద. దాని పైన అమ్మిరాజు రాసుకున్న మాట ఒకటి: నర్సింలు వచ్చేదాకా తలుపు వెయ్యకు.

అప్పుడే సూపర్‌వైజరు కిషన్ చాయ్ తెచ్చాడు. జగిత్యాల మనిషి. తలుపు టెస్టింగుకని సెలవు రోజు కూడా పిలిపించారు పాపం.

"నర్సింలెవడు కిషన్? లిస్టులో లేడే."

"ఏడుంటడు సార్. మూడేండ్లాయె, గా రూములనె సచ్చిపోయిండు." కిషన్ గొంతు తగ్గించాడు. "లోపట సున్నా అని కంప్యూటర్ల వడ్డది. తాళం ఏసినం. పొద్దుగాల తీస్తె తలుపు కాడనే కూసోని ఉన్నడు. గప్పటిసంది అమ్మిరాజు సార్ గిది పెట్టిండు. తాళం ఏసే ముందట, నర్సింలు అచ్చిండా అని అడుగుతది. మేం తలుపు పట్టుకోని ఒక్కపారి పిలుస్తం. నిమిషం ఆగుతం. అచ్చిండని నొక్కుతం. గప్పుడే తాళం."

"రోజూనా?"

"రోజు."

రవికాంత్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "చచ్చినోడికి అటెండెన్సా. దానికో క్లాసు, మళ్ళీ అరవై సెకన్లు ఆగడం. ఇలాంటోళ్ళకి జీతాలిచ్చి మేపారు చూడు."

"తియ్యకుండ్రి సార్. గట్లనే కొత్తదాంట్ల రాయిండ్రి. నాలుగు లైన్లేనాయె."

"నాలుగు లైన్ల చెత్తయినా చెత్తే కిషన్."

తీసేశాడు. ఎర్రగీత పోయింది. కొత్త వెర్షను చక్కగా లేచింది.

ఇద్దరూ కిందికి వెళ్ళారు. తలుపు దగ్గర ట్యాబు మీద లాక్ నొక్కాడు రవికాంత్. తాళం పడలేదు. స్క్రీను మీద... లోపల: 1.

"పాత డేటా. ఆ మహానుభావుడు వదిలేసిన దరిద్రమే."

ఆ వరస చెరిపేశాడు. నొక్కాడు. లోపల: 1. మళ్ళీ చెరిపాడు. మళ్ళీ ఒకటి. పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"కార్డు రీడరు చెడిపోయుంటుంది. నువ్వు తలుపు పట్టుకుని ట్యాబు చూస్తుండు. నేను కార్డు పెట్టి లోపలికెళ్ళొస్తా. రెండు పడి, వచ్చాక ఒకటి పడితే రీడరు బాగున్నట్టే."

"ముందుగాల ఒక్కపారి పిలుద్దాం సార్."

"నువ్వూ నీ పిలుపులూ."

కార్డు పెట్టి, మెడలో వేసుకుని, ప్లాస్టిక్ తెరలు తప్పించుకుని లోపలికెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒక్క దీపమే వెలుగుతోంది. అవతలంతా అట్టపెట్టెల వరసలు, వాటి మధ్య చీకటి. గడ్డకట్టిన మాంసం వాసన, తడి ఇనుము వాసన. పైన మోటరు ఒకటే రొద. నాలుగడుగులు వేశాడో లేదో...

మోటరు ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఎక్కడో అట్టపెట్టె కిర్రుమంది. ఎవరో లేచినట్టు. తర్వాత అడుగులు. మెల్లగా... కాళ్ళు తిమ్మిరెక్కిన మనిషి నడిచినట్టు. రవికాంత్ ఎడమ భుజానికి ఏదో రాసుకుంటూ పోయింది. తలనొప్పి బామ్ వాసన గుప్పుమంది.

గుమ్మం దగ్గర రీడరు కీచుమంది.

"అచ్చిన్రా సార్?" బయటినుంచి కిషన్ గుసగుస.

"లేదు... లోపలే ఉన్నా."

"కార్డు కొట్టిన్రు గద..."

రవికాంత్ చెయ్యి మెడ మీదికి పోయింది. కార్డు అక్కడే ఉంది.

"ఏం పడింది?"

"బయటికి... రవికాంత్ అని వడ్డది సార్. లోపట ఒకటి."

పరుగు తీశాడు. తెరలు ఇంకా ఊగుతున్నాయి. గుమ్మం దాటి, కార్డు పెట్టాడు. రీడరు మోగింది. తలుపు దానంతటది మూసుకుని, తాళం పడింది.

బయటికి: నర్సింలు. లోపల: 0.

"ఎవరెళ్ళారు ఇటు?"

"ఎవ్వలు పోలే సార్. తలుపు నేనే పట్టుకున్న." కిషన్ అతని మొహం చూడట్లేదు. ట్యాబు చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఒక్క క్షణం ఆ పాత నాలుగు లైన్లూ గుర్తొచ్చాయి రవికాంత్‌కి. తిరిగి పెట్టాలంటే సాయంత్రమవుతుంది. కళ్ళముందు సున్నా ఉంది, తాళం ఉంది. స్క్రీన్‌షాట్ తీసి పంపేశాడు. "గుడ్. వీసా పేపర్లు రేపు" అని గురుమూర్తి జవాబు.

"బగ్గు కిషన్. ఆ అమ్మిరాజు గాడి బగ్గే" అన్నాడు పైకెక్కుతూ.

అరగంట తర్వాత, లాప్‌టాప్ సర్దుకుంటుంటే ఫోను మోగింది. సల్మానియాలోని తమ ఫ్లాటు నుంచి ప్రణీత.

"హలో, ఎవరండీ?"

"ఎవరేంటి, నేనే."

"మీరెవరో గానీ, మా వారు ఫోను అక్కడ మర్చిపోయినట్టున్నారు. ఇంటికొచ్చి వెతుక్కుంటున్నారు, మోగుతుందేమోనని చేశాను."

"ప్రణీతా... నేను. రవిని."

అవతల సహస్ర ఎవరితోనో ఆడుకుంటూ నవ్వుతోంది. ప్రణీత ఫోను పక్కకి పెట్టి ఎవరినో ఏదో అడిగింది. మళ్ళీ వచ్చి, పనివాళ్ళతో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది.

"ఫోను అక్కడే ఉంచమంటున్నారు. అన్నట్టు, మీ పేరు నర్సింలేనా అని అడుగుతున్నారు."