రష్యాకు పంపే ముగింపు

అనగనగా అని ఎవరైనా మొదలుపెడితే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. మా ఇంట్లో ఈ ఒక్క కథకు మాత్రం ఎవరూ ఊఁ కొట్టకూడదు. కొడితే, కూర్చున్నవాళ్ళ లెక్క కంటే ఒక ఊఁ ఎక్కువ వినిపిస్తుందట. కనుక మీరూ మౌనంగానే వినండి.

పంతొమ్మిది వందల పన్నెండు, డిసెంబరు నెల. కోపెన్‌హాగెన్ శివారులో, గాజు పైకప్పు వేసిన ఒక సినిమా స్టూడియోలో మా అమ్మమ్మ బోదిల్ ఫిల్ము అతికే పని చేసేది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఫిల్ము నిప్పురవ్వ సోకితే చాలు భగ్గుమంటుంది కాబట్టి ఆ గదిలో పొయ్యి ఉండదు, దీపం ఉండదు. వేళ్ళు కొంకర్లు పోతున్నా కిటికీ వెలుగులోనే కూర్చుని, బ్లేడుతో అంచు గీకి, జిగురు రాసి, రెండు కొసలనూ కలిపి నొక్కిపట్టాలి. ఆ జిగురుది బాగా మగ్గిన బేరిపండు వాసన. పనికిరాని తుంపులను మూత ఉన్న నీళ్ళ బకెట్టులో వేయాలి.

ఆ రోజుల్లో అక్కడ సినిమాకు రెండు ముగింపులు తీసేవారు. మావాళ్ళకు చూపేదానిలో ప్రేమికులు కలిసేవారు. రష్యా జనానికి కన్నీళ్ళు కావాలి గనుక, వాళ్ళకు పంపేదానిలో నాయిక చనిపోయేది. దాన్ని అందరూ రష్యా ముగింపు అనేవారు.

బోదిల్ వాళ్ళ అక్క గ్రేథె అక్కడే నటి. అక్టోబరులో, రష్యా ముగింపు తీస్తున్న రోజున, ఆమె కథ ప్రకారమే రేవు నీళ్ళలోకి దూకింది. మళ్ళీ పైకి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆమెను పైకి లాగడానికి ఉంచిన పడవ సమయానికి అందలేదని దర్శకుడు ఐనార్ క్రాబ్బె విచారణలో చెప్పాడు. అందరూ నమ్మారు. బోదిల్ కూడా నమ్మింది.

రెండు నెలల తరువాత, ఒక ఉదయం, క్రాబ్బె ఒక డబ్బా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"రష్యా ముగింపు. మధ్యాహ్నం రెండింటికి యజమానులకు చూపించాలి. మొదటి మూడు బారలూ కత్తిరించి బకెట్టులో పారెయ్. మిగతాది అతికించు."

"ఇది మా అక్క... ఆ రోజుదేనాండీ?"

"ఆ రోజుదే. అంత చక్కగా మునిగిన మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు అమ్మాయ్. మాస్కోలో జనం వెక్కి వెక్కి ఏడవకపోతే నన్నడుగు."

పోతూ పోతూ ఆమె తినడానికి తెచ్చుకున్న రై ధాన్యపు రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

ఆమె చెప్పినట్టే చేసింది. చూడకుండానే మూడు బారలూ కత్తిరించి, బకెట్టులో వేసి, మూత పెట్టింది. పన్నెండు గంటలకు అందరూ భోజనాలకు వెళ్ళారు. ఆమె కదలలేదు. ఆకలి లేదు.

అప్పుడు బకెట్టు మూత టక్కుమంది.

ఎలుకేమో అనుకుంది. మళ్ళీ టక్... కిందనుంచి వేలితో తట్టినట్టు. మూత తీసింది. తారు వాసన, నాచు వాసన గుప్పున కొట్టాయి. పొద్దున కుళాయి నుంచి ఆమె స్వయంగా పట్టిన నీళ్ళవి. ఫిల్ము చుట్ట నీటి మీద తేలుతూ, దాని కొస బకెట్టు అంచును దాటి ఆమె వైపు చాచుకుని ఉంది. అందుకుంది. వేళ్ళకంటిన నీరు పెదవికి తగిలితే ఉప్పగా ఉంది.

కిటికీకి పట్టి చూసింది. నీళ్ళలో గ్రేథె తల. ఎడమ పక్కన పడవ, అందులో ఇద్దరు మనుషులు. చేయి చాస్తే అందేంత దగ్గర. ఆ తరువాతి బొమ్మల్లో కుడి అంచునుంచి ఒక చేయి లోపలికి వచ్చింది. గళ్ళ కోటు చేయి. పో, పక్కకు పో అన్నట్టు ఊగింది. పడవ తీస్తున్న బొమ్మకు అడ్డం వచ్చింది. అంతే. పడవ వెనక్కి తిరిగింది. గ్రేథె రెండు చేతులూ పైకెత్తింది.

గళ్ళ కోటు ఆ స్టూడియోలో క్రాబ్బె ఒక్కడిదే.

బోదిల్ ఏడవలేదు. విచారణకర్తలు చూడనిది యజమానులైనా చూడాలి. ఆ చేయి వాళ్ళ కళ్ళ ముందు ఊగాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. ఫిల్మును తన శాలువాతో అద్ది, ఆరబెట్టి, అంచు గీకి, జిగురు రాసి, దాని చోట దాన్ని అతికించింది. నొక్కిపట్టినంతసేపూ ఒకటే మాట గొణిగింది.

"గట్టిగా పట్టుకో అక్కా."

రెండు గంటలకు నల్ల తెరలు దింపిన గదిలో ఇద్దరు యజమానులు ముందు కుర్చీలలోనూ, క్రాబ్బె వారి వెనుకా కూర్చున్నారు. తలుపుకు లోపల గడియ వేశారు. యంత్రం తిప్పే ముసలి మికెల్సెన్, పక్కనే నిలబడ్డ బోదిల్ చేతినుంచి డబ్బా అందుకున్నాడు.

"ఏమే పిల్లా, ఆ మొహమేంటి? రష్యావాళ్ళ ఏడుపు కూడా నువ్వే ఏడ్చేస్తావా?"

"బాబాయ్, ఏం కనిపించినా తిప్పడం ఆపకు."

"ఆపితే దీపం వేడికి ఫిల్ము అంటుకోదూ! నా తల తెగిపడినా నా చెయ్యి ఆగదు."

తెర వెలిగింది. నీళ్ళు, పడవ, ఆపై ఆ చేయి.

"ఎవరిదయ్యా ఆ చెయ్యి?" ఒక యజమాని వెనక్కి తిరిగాడు.

"ఆపు!" క్రాబ్బె లేచాడు. "మికెల్సెన్, ఆపమంటుంటే!"

"ఆపితే అందరం తగలబడతామండీ!"

పడవ వెళ్ళిపోయింది. ఇక గ్రేథె మునగాలి.

మునగలేదు.

ఆమె తల ఇటు తిరిగింది... ఈదింది... ఇటే ఈదింది. ముఖం తెరనిండా అయింది. చెక్కిలికి నాచు అంటుకుని ఉంది. ఎక్కడో నీటి బొట్లు పడుతున్న చప్పుడు... సినిమాకు చప్పుడు ఎక్కడిది? తెర కింది అంచును పది వేళ్ళు పట్టుకున్నాయి. బట్ట ముడతలు పడింది.

"గ్రేథె..." క్రాబ్బె గొంతు గుసగుసలా వినిపించింది. "నే కాదు... పడవ అడ్డం వచ్చింది... అంతే..."

పెదవులు కదిలాయి. మూగ సినిమాలలో పెదవుల కదలిక చదవడం అక్కడివారికి అలవాటే. గదిలో ఉన్న ఐదుగురూ చదివారు.

ఇప్పుడు నువ్వు.

ఫిల్ము అయిపోయింది. తెర తెల్లబడింది. నల్ల తెరలు తీశారు. తలుపు గడియ వేసినట్టే ఉంది. క్రాబ్బె కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్న చోట దోసెడు నీళ్ళు.

యజమానులు పోలీసులతో క్రాబ్బె ఊరు వదిలి పారిపోయాడని చెప్పారు. ఫిల్మును మళ్ళీ చూసే ధైర్యం లేక, డబ్బాకు సీలు వేసి, రష్యాకు పంపేశారు. ఫిబ్రవరిలో పీటర్స్‌బర్గ్ నుంచి ఉత్తరం వచ్చింది. ముగింపు అద్భుతమట; హాల్లో ఇద్దరు మూర్ఛపోయారట. గళ్ళ కోటాయన అంత సహజంగా మునగడం ఎలా నేర్చాడని అడిగారు. గట్టు మీద నిలబడి పడవను వెనక్కి పంపే ఆ తడిసిన అమ్మాయి ఫోటో ఒకటి పంపమన్నారు. బోదిల్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, తన డబ్బీలో దాచుకుంది.

మా అమ్మమ్మ ఈ కథ నాకు ఎన్నడూ చెప్పలేదు. అడిగితే లేచి వెళ్ళిపోయేది. నాకు ఏడేళ్ళప్పుడు, పట్టపగలు, ఆమె బజారుకు వెళ్ళిన వేళ, వంటింట్లో నాకు జడ వేస్తూ దీన్ని మొదట చెప్పినావిడకు పాతికేళ్ళు కూడా ఉండవు. వేళ్ళు మంచులా ఉన్నాయి. పేరు అడిగాను.

"గ్రేథె," అంది.