వేరు చాలన్నాడు సాతిబాల్ది

ప్రొఫెసర్ తొలెగెన్‌ని చంపినవాడు మహా మర్యాదస్తుడు. బుల్లెట్ దించాక ఆయన కళ్ళజోడు తీసి, మడిచి, బల్లమీద పెట్టి మరీ వెళ్ళాడు.

"కెస్లర్ పనే," అంది కర్నల్ కుల్యాష్, ఫొటోని ఏజెంట్ దౌరెన్ ముందుకు తోస్తూ. "విదేశీ ముఠా నాయకుడు. ప్రొఫెసర్ పెంచిన మొక్క ఇప్పుడు వాడి గుప్పిట్లో ఉంది. మత్తులేని గంజాయి. ఈ రకం ప్రపంచంలో అదొక్కటే. దాని పుప్పొడి గాలికి వదిలితే, కొన్నేళ్ళకి మన షు లోయలో మొలిచే పిచ్చి గంజాయిలో మత్తు చచ్చిపోతుంది."

"మొక్కని కాల్చేస్తాడా?"

"అంత అమాయకుడా? బతికుంచి అమ్ముతాడు. నాటడానికి ప్రభుత్వాలు డబ్బిస్తాయి, నాటకుండా ఉంచడానికి గంజాయి దొంగలు ఇస్తారు."

"రెయిడ్ చేద్దాం అక్కా."

"గ్రీన్‌హౌస్ నిండా పెట్రోలు చల్లి, లైటర్ పట్టుకు కూర్చున్నాడు. పోలీసు టోపీ కనబడితే అంటిస్తాడు. ప్రొఫెసర్ అసిస్టెంట్ రౌషన్ అక్కడే ఉంది. తన గూఢచారి అనుకుంటున్నాడు వాడు. నిజానికి మన మనిషి. మొక్కా కావాలి, పిల్లా కావాలి. ఉత్తచేతులతో వచ్చావో, నీ మొహం చూడను!"

దౌరెన్ ఫొటో వెనక్కి తోశాడు. పిచ్చి గంజాయి మోస్తూ దొరికిన అతని తమ్ముడు జైల్లో ఉన్నాడు. లోయలో అలాంటి తమ్ముడో కొడుకో లేని ఇల్లు అరుదు. ఎవరూ విత్తని కలుపుమొక్కకి తల్లులు బిడ్డల్ని పోగొట్టుకున్నారు.

ఈసారి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆయుధం ఒక ఉక్కు ఫ్లాస్కు. పైన టీ. కింద దొంగ అర, అందులో తడి స్పాంజి.

మర్నాడు మధ్యాహ్నం చిరిగిన ఉన్ని టోపీ, మాసిన గడ్డంతో ఓ కూలివాడు గ్రీన్‌హౌస్ ముందు లారీ దిగాడు. లారీ సాతిబాల్దిది. అతిమధురం వేర్లు తవ్వించి విదేశాలకి పంపే వ్యాపారి, కెస్లర్‌కి స్థానిక కుడిభుజం.

లోపల పెట్రోలు వాసన గుప్పుమంది. ఎర్రటి లిప్‌స్టిక్, తెల్లకోటు వేసుకున్న రౌషన్ కూలివాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏరా, గుర్రం పాలు పులిశాయా?"

"ఇంకా చిలకాలమ్మా."

కోడ్ కలిసింది. ఆమె కళ్ళలోకి అప్పుడు ప్రాణం వచ్చింది.

కెస్లర్ లైటర్ మూత టక్కుమనిపించాడు. "చెకింగ్‌లో ఆకు కనబడకూడదు. ఎలా తీసుకెళ్ళాలి?"

"కొమ్మలు కోసి..." అని నసిగింది రౌషన్.

"కొమ్మలేంటమ్మాయ్, కొమ్మలు!" సాతిబాల్ది విరుచుకుపడ్డాడు. "గడ్డం నెరిసేదాకా వేర్లే అమ్మాను. అతిమధురం వేరు బెత్తెడు ముక్క పాతితే పొలమంతా అల్లుకుంటుంది. వేరు చాలు దొరా! నా లోడులో కలిపేస్తే దేవుడు కూడా పోల్చుకోలేడు."

అతిమధురం సంగతిలో అది అక్షరాలా నిజం. గంజాయి వేరుని ముక్క చేసి పాతితే మాత్రం కుళ్ళుతుంది తప్ప చిగురించదు. దానికి కొమ్మే ప్రాణం. లేతకొమ్మ కోసి తడిలో ఉంచితే అదే వేళ్ళు పోసుకుంటుంది. లోయలో వేర్లు తవ్వి బతికినవాళ్ళకి మాత్రం వేరంటే వేరే! రౌషన్‌కి కావలసింది కూడా ఆ పొరపాటే.

"పెద్దవాళ్ళు మీరు బాబాయ్, మీకు తెలీనిదేముంది," అంటూ కత్తెర అందుకుంది.

కొమ్మలు బకెట్లో పడ్డాయి. వేరుముక్కలు తడి రంపప్పొట్టులోకి, అక్కణ్ణుంచి పెట్టెలోకి వెళ్ళాయి. పెట్టెని సాతిబాల్ది లారీకెక్కించాడు. దౌరెన్ బకెట్ ఎత్తాడు.

"ఆగు." కెస్లర్ గొంతు మెత్తగా ఉంది. "చెత్త ఇక్కడే కాలుతుంది. మీరిద్దరూ కూడా. నాకు సాక్షులక్కర్లేదు. రౌషన్, నీకు కళ్ళజోడు లేదుగా, మడిచిపెట్టడానికి." లైటర్ మూత తెరిచాడు.

"దొరా!" గుమ్మం బయట నుంచి సాతిబాల్ది కేక. "రొట్టె కొరక్కుండా ప్రయాణమా? అరిష్టం!"

"తర్వాత."

"తర్వాత లేదు, గిర్వాత లేదు! కొరికితేగానీ లారీ కదలదు. నువ్వు చంపుకో, నరుక్కో, నాకనవసరం. రొట్టెని కాదని గడప దాటితే నా లోడు దారిలోనే బోల్తా కొడుతుంది!"

కెస్లర్ పళ్ళు నూరాడు. బయటికి నడిచి, తలుపు గొళ్ళెం వేసి, రొట్టె అందుకున్నాడు. ఆ కాస్త వ్యవధిలో దౌరెన్ కొమ్మల్ని ఫ్లాస్కు అడుగున దూర్చి మూత బిగించాడు.

కిటికీలోంచి వెలిగించిన లైటర్ లోపలికి ఎగిరింది.

మంట లేచింది. రౌషన్ చెయ్యి పట్టుకుని వెనక గోడవైపు దూకాడు దౌరెన్. ఫ్లాస్కుతో ఒక్క దెబ్బ. అద్దం పగల్లేదు. రెండో దెబ్బకి భళ్ళున రాలింది. ఇద్దరూ బయట గడ్డిలో దొర్లారు. ఆమె కోటు అంచు కాలుతుంటే టోపీతో ఆర్పాడు.

మంట కనబడగానే, దూరంగా కాచుకున్న కుల్యాష్ జీపులు లారీని చుట్టుముట్టాయి. కాలడానికి ఇక ఏమీ మిగల్లేదు కనక ఆమెకి భయమూ లేదు. కెస్లర్ నోట్లో ఇంకా రొట్టె ముక్క ఉంది.

కొన్నాళ్ళకి కొమ్మల అడుగున తెల్లటి వేళ్ళు కనిపించాయి. రౌషన్ ప్రొఫెసర్ పేరు పలికి, సిగ్గుపడకుండా ఏడ్చింది. దౌరెన్ ఆ కబురు చెప్పడానికి తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు.

కెస్లర్ జైలునుంచి ఒకే ఒక్క కోరిక కోరాడు. కర్నల్ కుల్యాష్ పెద్దమనసుతో ఒప్పుకుని అతని సెల్లోకి కుండీ, మట్టి, ఒక వేరుముక్క పంపించింది. రోజూ పొద్దున్నే నీళ్ళు పోస్తున్నాడట. పక్క సెల్లోంచి సాతిబాల్ది ధైర్యం చెబుతూనే ఉన్నాడు:

"కంగారుపడకు దొరా, వేరన్నాక కాస్త టైం తీసుకుంటుంది!"